మిరప ఎరుపు వెనక ఇనుము

సంక్రాంతి దాటాక గుంటూరు నుంచి చిలకలూరిపేట, మార్టూరు మీదుగా ఒంగోలు వైపు బయల్దేరితే చేలల్లో ఎర్రటి కల్లాలు కనబడతాయి. పట్టాల మీద పరిచిన కాయ, ముక్కుకు కొంగు అడ్డం కట్టుకుని తాలు ఏరే ఆడవాళ్లు, మంచు పడకముందే కుప్పచేసి పట్టా కప్పాలన్న హడావిడి. ఆ కాయ టిక్కీ బస్తాల్లోకి ఎక్కి గుంటూరు మిర్చి యార్డుకు చేరాక కొనేవాడు గుప్పెడు తీసి చూస్తాడు. ఆరిందా లేదా అని నలుపుతాడు, ఘాటు చూస్తాడు. అయితే బేరంలో పెద్దపీట రంగుదే. "రంగు దిగింది" అని అతను ఒక్క మాట అంటే చాలు, రైతు ముఖంలో రంగు కూడా దిగుతుంది.

కాయకు ఆ ఎరుపునిచ్చే ముఖ్యమైన పదార్థం పేరు క్యాప్సాంథిన్. దాని పుట్టిల్లు బీటా కెరోటిన్, అంటే క్యారెట్‌కు రంగునిచ్చేదే. బీటా కెరోటిన్ అణువులో 40 కార్బన్లు, 56 హైడ్రోజన్లు ఉంటాయి. ఆక్సిజన్ ఒక్కటి కూడా ఉండదు. క్యాప్సాంథిన్‌లోనూ అవే 40 కార్బన్లు, అవే 56 హైడ్రోజన్లు, వాటికి తోడు మూడు ఆక్సిజన్లు. క్యారెట్ రంగుకూ మిరప ఎరుపుకూ మధ్య లెక్కలో తేడా ఆ మూడే.

అవి ఎక్కడ పడితే అక్కడ అతుక్కుంటే ఎరుపు రాదు. బీటా కెరోటిన్ ఒక పొడవాటి గొలుసు, రెండు కొసల్లో చెరో ఉంగరం. మొదటి రెండు ఆక్సిజన్లు ఉంగరానికొకటి చొప్పున, ఫలానా కార్బన్ మీదే కూర్చోవాలి. వాటిని కూర్చోబెట్టే ఎంజైము నడిబొడ్డులో రెండు ఇనుప పరమాణువులు పక్కపక్కనే ఉంటాయి. మూడోదాన్ని చేర్చే ఎంజైముకు లోహం అక్కర్లేదు. విటమిన్ బీ2 నుంచి వచ్చే ఫ్లేవిన్ సాయంతో అది రెండు కార్బన్ల నడుమ ఆక్సిజన్‌ను ముక్కోణంలా ఇరికిస్తుంది. ఆఖరున ఇంకో ఎంజైము వచ్చి ఆ ముక్కోణాన్ని విప్పుతుంది, ఉంగరాన్ని ఆరు కార్బన్ల నుంచి ఐదుకు కుదిస్తుంది, ఆక్సిజన్‌ను తెచ్చి రంగు గొలుసు కొసకు తగిలిస్తుంది. అప్పుడు పండుతుంది మిరప.

ఈ నేల మీద మిరపకూ పత్తికీ, పురుగుకూ మందుకూ నడిచే వ్యవహారాలు చాలావరకు ఇలాంటి ఒక్క పని చుట్టూనే తిరుగుతాయి. ఒక ఆక్సిజన్‌ను పట్టుకుని, ఒక అణువు మీద, ఒకే ఒక్క చోట పెట్టడం. ఆ పని చేసేది ఎక్కువగా లోహం. ఎక్కడ పెట్టాలో చెప్పేది మాత్రం ఆ లోహం చుట్టూ ఉన్న ఇల్లు.

గాలి నిండా ఉన్నా గడప దాటదు

మనం పీల్చే గాలిలో ఐదో వంతు ఆక్సిజనే. పత్తి బేళ్లు నెలల తరబడి గోదాముల్లో ఆ గాలిలోనే ఉంటాయి. ఏమీ కాదు. అగ్గిపుల్ల గీసి పడేస్తే మాత్రం తెల్లారేసరికి బూడిద. పత్తికీ ఆక్సిజన్‌కూ కలవాలన్న మొగ్గు బోలెడంత ఉంది, ఏదో అడ్డం పడి ఆపుతోందని దీన్నిబట్టి తెలుస్తుంది.

ఆ అడ్డం ఎలక్ట్రాన్లలో ఉంది. పత్తి, మిరప, మన చర్మం, ఇలాంటి కార్బన్ పదార్థాల్లో ఎలక్ట్రాన్లు జంటలుగా ఉంటాయి. బొంగరాలనుకుంటే, జంటలో ఒకటి కుడికి తిరిగితే రెండోది ఎడమకు. ఆక్సిజన్ అణువులో మాత్రం రెండు ఎలక్ట్రాన్లు జంట కట్టకుండా, ఒంటరిగా, రెండూ ఒకే వైపుకు తిరుగుతుంటాయి. జంటల ఊళ్లోకి ఈ ఇద్దరు ఒంటరివాళ్లు నేరుగా చొరబడటం ప్రకృతి నియమాలకు పొసగదు. అందుకే మామూలు వేడిలో ఆక్సిజన్ చాలావరకు ఊరి బయటే నిలబడుతుంది. మనమంతా గాలిలో కాలిపోకుండా బతుకుతున్నది ఈ చిన్న పొసగనితనం వల్లే.

ఇనుము, రాగి, కోబాల్టు, మాంగనీసు వంటి లోహాల దగ్గర ఒంటరి ఎలక్ట్రాన్లు ఉంటాయి. ఒక్కొక్క ఎలక్ట్రాన్‌ను ఇవ్వడం, పుచ్చుకోవడం వాటికి చేతనైన విద్య. అటు ఆక్సిజన్‌తోనూ ఇటు కార్బన్‌తోనూ మాట్లాడగలవు. పెళ్లిళ్ల పేరయ్యలా ఇద్దరినీ కలిపి, తను ఎలా వచ్చిందో అలాగే బయటపడి, మరో సంబంధానికి బయల్దేరుతుంది లోహం. ఉత్ప్రేరకం అంటే అదే.

పీ-450: రక్తంలోని ఇనుముకు తోబుట్టువు

జీవకణాల్లో ఈ పేరయ్య పనిలో పేరుపడ్డ కుటుంబం సైటోక్రోమ్ పీ-450. కార్బన్ మోనాక్సైడ్ తగిలితే 450 నానోమీటర్ల దగ్గర వెలుతురును పీల్చుకునే ఈ వర్ణకానికి 1962లో జపాన్ శాస్త్రవేత్తలు ఓమురా, సాటో ఆ పేరు పెట్టారు. మన కాలేయంలో, పత్తి ఆకులో, పురుగు కడుపులో, అన్నిచోట్లా ఇవి ఉన్నాయి. మనిషిలో వీటి జన్యువులు 57. శనగపచ్చ పురుగులో వందకు పైనే.

దీని నడుమ ఉండేది హీమ్, మన రక్తంలో ఆక్సిజన్ మోసే ఇనుప చక్రమే. రక్తంలో ఆ ఇనుము ఆక్సిజన్‌ను ఊపిరితిత్తుల దగ్గర ఎక్కించుకుని కండరాల దగ్గర దించుతుంది, అంతే. ఆక్సిజన్ చెక్కు చెదరదు. పీ-450లో అదే ఇనుముకు కింద నుంచి ఒక గంధకం పట్టు దొరుకుతుంది. ఆ పట్టుతో కథ మారిపోతుంది. ఇనుము ఆక్సిజన్ అణువును పట్టుకుంటుంది. కణం రెండు ఎలక్ట్రాన్లు, రెండు ప్రోటాన్లు అందిస్తుంది. ఆక్సిజన్ రెండుగా చీలుతుంది. ఒక సగం నీరై వెళ్లిపోతుంది. రెండో సగం ఒంటరిగా ఇనుము మీద మిగులుతుంది. ఎదురుగా ఏ కార్బన్ ఉంటే దాని హైడ్రోజన్‌ను లాక్కుని, మరుక్షణమే ఆ ఖాళీలో తానే ఆ హైడ్రోజన్‌తో సహా దిగబడుతుంది.

ఇనుము మీద ఒంటి ఆక్సిజన్ ఉండే ఆ దశ క్షణంలో మాయమయ్యేది. దాన్ని పట్టి చూడటానికి దశాబ్దాలు పట్టింది. 2010లో అమెరికాలో రిటిల్, గ్రీన్ దాన్ని నిలబెట్టి కొలిచారు. ఇంత తీవ్రమైన ఆక్సిజన్ ఎదురుపడితే కార్బన్ పదార్థం దాదాపు ఏదీ తట్టుకోలేదు. దాన్ని హద్దులో ఉంచేది చుట్టూ ఉన్న ప్రోటీన్. ఆ గూటిలో అణువు ఎటు తిరిగి పడుకుంటే, ఇనుము ఎదుటికి వచ్చిన ఆ ఒక్క చోటే ఆక్సిజన్ పడుతుంది. ఇనుము అన్నిట్లోనూ ఒకటే. గూడు మారితే పని మారుతుంది.

ఆకు మీద నల్లచుక్క

పత్తి ఆకును ఎండకు ఎదురుగా పట్టి చూడండి. సూదిమొనతో పొడిచినట్టు నల్లటి చుక్కలు కనబడతాయి. గింజను కోస్తే లోపలా అవే చుక్కలు. అవి గాసిపాల్ అనే విషం దాచుకున్న తిత్తులు. పత్తి మొక్క మొదట కాడినీన్ అనే 15 కార్బన్ల పదార్థాన్ని చేసుకుంటుంది. అందులో ఆక్సిజన్ లేదు. తర్వాత పీ-450 ఎంజైములు వరసగా దాని మీద ఆక్సిజన్లు ఎక్కిస్తాయి. ఆఖరికి రెండు సగాలు జతపడి 30 కార్బన్లు, 8 ఆక్సిజన్లు ఉన్న గాసిపాల్ తయారవుతుంది. కోళ్లకూ పందులకూ అది పడదు. నెమరువేసే పశువు కడుపు దాన్ని చాలావరకు కట్టిపడేస్తుంది కాబట్టి పత్తి గింజలూ చెక్కా పెట్టి ఒంగోలు గిత్తను మేపగలుగుతున్నాం. మనం తినే పత్తి గింజల నూనెను శుద్ధి చేసేటప్పుడు గాసిపాల్‌ను తీసేస్తారు.

మొక్క ఇనుముతో విషం చేస్తే, పురుగు ఇనుముతోనే దాన్ని తట్టుకుంటుంది. పత్తికాయను తొలిచే శనగపచ్చ పురుగు కడుపులో సీవైపీ6ఏఈ14 అనే పీ-450 ఉంది. గాసిపాల్ ఉన్న ఆకు తింటే దాని ఉత్పత్తి పెరుగుతుంది. 2007లో చైనా శాస్త్రవేత్తలు ఆ ఒక్క జన్యువు నోరు నొక్కే ఆర్ఎన్ఏను మొక్కల చేత చేయించి పురుగుకు మేపారు. గాసిపాల్‌ను ఓర్చుకోలేక పురుగు గిడసబారింది. తర్వాత ఇంకో సంగతి బయటపడింది. గాసిపాల్ తిని పీ-450లు పెంచుకున్న పురుగు, డెల్టామెత్రిన్ అనే మందును కూడా ఎక్కువగా తట్టుకుంటోంది. ఆకు ఇచ్చిన శిక్షణ మందు దగ్గర పనికొస్తోందన్నమాట.

1987: మందు పనిచేయని ఏడాది

ఈ శిక్షణకు మూల్యం చెల్లించిన నేల మనదే. 1980ల మొదట్లో సింథటిక్ పైరిత్రాయిడ్లు వచ్చాయి: సైపర్‌మెత్రిన్, ఫెన్వలరేట్ లాంటివి. చేమంతి జాతి పువ్వులోని పైరిత్రిన్‌ను చూసి కర్మాగారంలో చేసిన మందులివి. మొదట్లో ఒక్క పిచికారీతో పురుగు రాలిపోయేది. కోస్తా పత్తి చేలల్లో వాటిని కొట్టిందే కొట్టారు. మధ్యలో తెల్లదోమ విరుచుకుపడింది. 1987-88 సీజన్ వచ్చేసరికి శనగపచ్చ పురుగు మందులో తడిసి కూడా కాయ తొలుస్తూనే ఉంది. ఆ సీజన్‌లో ఆంధ్రప్రదేశ్ పురుగుల్ని తెచ్చి పరీక్షించి, పైరిత్రాయిడ్లకు అవి నిరోధకత పెంచుకున్నాయని శాస్త్రవేత్తలు నమోదు చేశారు. మందుల కొట్లలో అప్పులు, చేలో పుప్పికాయలు. ప్రకాశం, గుంటూరు జిల్లాల పత్తి రైతుల ఆత్మహత్యలు రాష్ట్రాన్ని కుదిపేశాయి.

పురుగు మందును తట్టుకోవడానికి దారులు చాలా ఉన్నాయి. నరాల్లో మందు తగిలే చోటే మారిపోవచ్చు. మందును ముక్కలు చేసే వేరే ఎంజైములు పెరగవచ్చు. వాటితో పాటు పీ-450ల దారి ఒకటి. ఆ దారి ఉందో లేదో తేల్చే పద్ధతికి మూలం మన వంటింట్లోనే దొరుకుతుంది. పైరిత్రిన్‌కు నువ్వుల నూనె కలిపితే ఘాటు పెరుగుతుందని 1940లలో తెలిసింది. నూనెలోని సెసామిన్‌లో ఒక చిన్న ఉంగరం ఉంది. పీ-450 దాని మీద కూడా ఆక్సిజన్ పెట్టబోతుంది. ఆ ప్రయత్నంలో ఊడిన ముక్క ఇనుముకే అతుక్కుని ఊడిరాదు. ఇనుము నోరు మూతపడుతుంది. అదే ఉంగరంతో చేసిన పైపెరొనిల్ బ్యూటాక్సైడ్‌ను మందుతో కలిపి ఇచ్చినప్పుడు పురుగు మళ్లీ చస్తే, దాన్ని కాపాడుతున్నది పీ-450లేనని అంచనా కడతారు.

ఆ ఇనుము ఎలా నేర్చుకుందో 2012లో ఆస్ట్రేలియా పురుగుల్లో తేలింది. పక్కపక్కనే ఉన్న రెండు పీ-450 జన్యువులు పొరపాటున అడ్డంగా తెగి, దీని ముందు సగం దాని వెనక సగంతో అతుక్కున్నాయి. పుట్టిన కొత్త ఎంజైము సీవైపీ337బీ3. ఇనుము పాతదే, గూడు మాత్రం కొత్తది. ఆ గూటిలో ఫెన్వలరేట్ పడుకునే తీరు మారింది; దాని మీద ఒక్క చోట ఆక్సిజన్ పడితే చాలు, మందు చప్పబడుతుంది. రెండేళ్ల తర్వాత పాకిస్తాన్ పురుగుల్లోనూ ఇలాంటి అతుకే విడిగా పుట్టిందని కనుక్కున్నారు. చేలో మందు ఎంత ఎక్కువ కొడితే, ఇలాంటి అతుకుల పురుగుకు అంత ఎక్కువ చోటు.

2002లో వచ్చిన బీటీ పత్తి వేరే దారి పట్టింది. దాని విషం పురుగు పేగు గోడకు చిల్లులు పొడుస్తుంది. కొన్నాళ్లు పిచికారీలు తగ్గాయి. తర్వాత గులాబీరంగు పురుగు ఆ తాళం కూడా తీసేసింది.

మందు కొట్టేవాడి కాలేయం

ఇక్కడ ఇంకో మెలిక ఉంది. పైరిత్రాయిడ్‌కు ఆక్సిజన్ తగిలితే విషం విరుగుతుంది. క్లోరిపైరిఫాస్, క్వినాల్‌ఫాస్ లాంటి మందులకు తగిలితే విషం పుడుతుంది. సీసాలో ఉన్నప్పుడు వాటిలో ఫాస్ఫరస్‌కు ఒక గంధకం అంటిపెట్టుకుని ఉంటుంది. ఆ రూపంలో నరాల మీద వాటి బలం తక్కువే. ఒంట్లోకి వెళ్లాక పీ-450 ఆ గంధకాన్ని పీకి అదే చోట ఆక్సిజన్‌ను పెడుతుంది. అలా తయారయ్యే ఆక్సాన్ నరాల సందుల్లో ఎసిటైల్ కోలిన్‌ను శుభ్రం చేసే ఎంజైమును బిగించేస్తుంది. పురుగులో జరిగేదీ ఇదే, మనిషిలో జరిగేదీ ఇదే.

అందుకే ఇలాంటి మందు కొట్టినవాడు చేలో బాగానే ఉన్నట్టుండి, ఇంటికి వచ్చాక కొన్ని గంటలకు కళ్లు తిరిగి, చొంగ కారి, కంటిపాపలు గుండుసూదంత అయి పడిపోవచ్చు. ఆ గ్యాప్‌లో కాలేయంలోని ఇనుము పని చేస్తూ ఉంటుంది. "ఏం కాలేదులే" అని అదే తడి చొక్కాతో కూర్చుంటే చర్మం మీది మందు ఇంకా లోపలికి వెళుతుంది. చొక్కా విప్పి సబ్బుతో ఒళ్లు కడగాలి, వెంటనే ఆసుపత్రికి వెళ్లాలి. అక్కడ అట్రోపిన్ ఎక్కిస్తారు.

పురుగును ఇనుము కాపాడితే తిట్టుకుంటాం, మనల్ని ఇనుము ముంచితే బిత్తరపోతాం. ఇనుముకు ఏ పక్షమూ లేదు. గూటిలోకి వచ్చిందాని మీద ఆక్సిజన్ పెడుతుంది, అంతవరకే దాని పని.

చింతపండు పులుపు, రేగడి మట్టి

రసాయన శాస్త్రవేత్తలకు ఈ పని ఫ్లాస్కులో చేయాలని ఎప్పటి నుంచో కోరిక. అణువులో ఆక్సిజన్‌కు లొంగే బలహీనమైన చోట్లు ఒకటో రెండో ఉంటే గూడు అక్కర్లేదు. పెట్రోలియం నుంచి వచ్చే పారాజైలీన్ అలాంటిది: గట్టి ఉంగరం, దానికి రెండు మెత్తటి కొమ్మలు. కోబాల్టు, మాంగనీసు, బ్రోమైడ్ కలిపి, దాదాపు 200 డిగ్రీల వేడిలో గాలి ఊదితే ఆ రెండు కొమ్మలే ఆక్సిజన్ పట్టుకుంటాయి, పారాజైలీన్ టెరిఫ్తాలిక్ ఆమ్లం అవుతుంది. ప్రపంచపు పాలియెస్టర్‌లో చాలాభాగం ఆ ఆమ్లం నుంచే వస్తుంది. గుంటూరు పత్తికీ చీరాల మగ్గానికీ మార్కెట్లో ఎదురు నిలిచిన నూలు ఇదే. మొరటు పద్ధతే, కానీ కర్మాగారానికి అది చాలు.

చోట్లు చాలా ఉన్నప్పుడు, అందులోనూ కుడిచేతి రూపమూ ఎడమచేతి రూపమూ వేరుగా కావాల్సి వచ్చినప్పుడు గూడు తప్పదు. అమెరికా అడవుల్ని తినే జిప్సీ చిమ్మెట ఆడది వదిలే వాసన మూడు పరమాణువుల ముక్కోణం ఉన్న పదార్థం. దాని ఒక చేతి రూపం మగ చిమ్మెటను రప్పిస్తుంది, అద్దంలో బొమ్మలాంటి రెండోది ఆ రాకకు అడ్డుపడుతుంది. మన మిరప తోటల్లో కట్టే లింగాకర్షక బుట్టలదీ ఇదే సూత్రం: సరైన అణువు కాకపోతే బుట్ట ఖాళీ.

1980లో బ్యారీ షార్ప్‌లెస్, కత్సుకి దీనికొక దారి చూపారు. లోహం టైటానియం. దాని చుట్టూ కట్టిన గూడు టార్టారిక్ ఆమ్లంతో చేసిన ఎస్టరు. టార్టారిక్ ఆమ్లం అంటే ఏదో కాదు, మన చింతపండు పులుపు. పండుమిరప పచ్చడిలో మిరపతో కలిపి నూరేదే. ఆ ఆమ్లానికి కుడి ఎడమల తేడా ఉంది. టైటానియాన్ని పట్టుకున్నప్పుడు ఆ తేడా ఆక్సిజన్‌కు దారి చూపుతుంది, ముక్కోణం ఒక పక్కనే పడుతుంది. ఈ కోవ పనికి షార్ప్‌లెస్ 2001లో నోబెల్ బహుమతి అందుకున్నారు.

దానిలో ఒక చిక్కు. టైటానియం ద్రవంలో కలిసిపోతుంది, తిరిగి వేరు చేయడం కష్టం. హైదరాబాద్ తార్నాకలోని భారతీయ రసాయన సాంకేతిక సంస్థ (ఐఐసీటీ)లో బోయపాటి మనోరంజన్ చౌదరి బృందం 1990లో దీనికి మట్టిని వాడింది. మాంట్‌మోరిల్లొనైట్ అనే బంకమట్టి ఖనిజం పుస్తకం పేజీల్లా పొరలు పొరలుగా ఉంటుంది. పొరల నడుమ నీరు చేరితే ఉబ్బుతుంది, ఆరితే కుంచించుకుంటుంది. గుంటూరు, ప్రకాశం నల్లరేగడిలో వానకు కాలు దిగబడటానికీ, ఎండాకాలం చెయ్యి పట్టేంత నెర్రెలు తీయడానికీ ఇలాంటి ఖనిజాలే కారణం. హైదరాబాద్ శాస్త్రవేత్తలు ఆ పొరల నడుమ టైటానియాన్ని స్తంభాల్లా నిలబెట్టారు. చింతపండు ఆమ్లపు గూడు దానికి జోడించారు. పని అయ్యాక మట్టిని వడగట్టుకోవచ్చు.

పదకొండేళ్ల తర్వాత, 2001లో, ఇదే బృందం ఆస్మియంతో అలాంటి పనే చేసింది. అందులో, తర్వాత ఐఐసీటీకి డైరెక్టర్‌గా పనిచేసిన మన్నేపల్లి లక్ష్మీకాంతం కూడా ఉన్నారు. ఆస్మియం ఖరీదైనది, దాని ఆక్సైడు ఆవిరై కళ్లను దెబ్బతీస్తుంది. మెగ్నీషియం, అల్యూమినియం హైడ్రాక్సైడ్ల పొరల మధ్య దాన్ని కట్టేశారు. జంట కట్టిన రెండు కార్బన్ల మీద ఒకేసారి రెండు ఆక్సిజన్లను, కావాల్సిన చేతివైపే ఎక్కించారు. పురుగు కడుపు ప్రోటీన్ మడతల్లో చేసే పనిని వీళ్లు పొరల నడుమ చేయించారు.

రంగు దిగడం

ఇప్పుడు మళ్లీ కల్లానికి రండి. చెట్టు మీద ఉన్నంతకాలం మిరపలోని ఆక్సిజన్‌కు అదుపు ఉంది. మూడే ఎక్కాలి, చెప్పిన చోటే ఎక్కాలి. కోసి ఎండబెట్టాక ఆ ఎంజైములు ఆగిపోతాయి, అదుపు పోతుంది. క్యాప్సాంథిన్ పొడవాటి గొలుసు ఎండకూ వేడికీ గాలికీ తెరుచుకుని ఉంటుంది. కాయలో మిగిలిన ఇనుము, రాగి ఆనవాళ్లు ఇల్లు లేని లోహాలు. వాటి సాయం ఉంటే ఆక్సిజన్ ఆ గొలుసును మరింత తొందరగా, ఎక్కడ పడితే అక్కడ కొరుకుతుంది. గుంటూరు చుట్టూ పెరిగిన కోల్డ్ స్టోరేజీలు ఈ కొరుకుడును నెమ్మదింపజేసే ప్రయత్నమే; చల్లదనంలో, చీకట్లో ఆక్సిజన్‌కు చేతులు ఆడవు.

కల్లంలో ఉన్న కాయకు ఆ రక్షణ కూడా లేదు. పట్టా కప్పడం ఆలస్యమై నాలుగు రోజులు ఎండకూ మంచుకూ మార్చి మార్చి తడిసి ఆరిన కాయ యార్డులో దిగిందంటే, కొనేవాడికి రసాయన శాస్త్రం అక్కర్లేదు. గుప్పెడు తీసి ఒకసారి తిప్పి చూస్తాడు. చేలో ఇనుము లెక్క చూసి ఎక్కించిన మొదటి రెండు ఆక్సిజన్ల మీదా, ఫ్లేవిన్ చేర్చిన మూడోదాని మీదా, ఎవరి అదుపూ లేని నాలుగోది వచ్చి పడింది. అతను దాన్ని ఒక్క మాటలో చెబుతాడు: "రంగు దిగింది."